వలదను మాట ఎవరిది?

ధర్మసందేహము లనగానే మనకు పురాణపురుషుల సంకటములు జ్ఞప్తికి వచ్చును. రాజ్యమా సత్యమా, తండ్రి మాటయా తల్లి కన్నీరా అను మహాసందేహములు వారివి. మనబోటి సంసారులకు దినదినము కలుగు సందేహము లంత గంభీరముగ నుండవు. కొన్ని వినువారికి నవ్వు పుట్టించునవిగ కూడ నుండును. సెలవులలో పిల్లాపాపలతో విహారయాత్రకు పోయి, జలపాతము క్రింద నిలిచి, "ఈ బండ నెక్కుదమా, వలదా?" అని యొక నిమిషము తటపటాయించుట అట్టిదే. సత్తువ యున్నవాడెక్కును, లేనివాడు క్రింద కూర్చుండును, ఇందులో ధర్మవిచార మేమున్నదని పాఠక మహాశయులు నన్నడుగవచ్చును. ఏండ్ల తరబడి బడిపిల్లల వెంట తిరిగినవాడను గనుక, ఆ యొక్క నిమిషములో నెన్ని ముడులు పడి యుండునో నాకు కొంత తెలియును.

కాగజ్‌నగర్ వారికి ఈ సందేహము ఏటేట తప్పదు. మాది పేపరుమిల్లు చుట్టును పెరిగిన ఊరు. ఆ మిల్లు పొగగొట్టములను చూచుచు పెరిగిన పిల్లలకు సెలవు లనగా అడవియే, కొండయే, వాగే. పూర్వపు ఆదిలాబాదు జిల్లా 2016లో నాలుగు జిల్లాలైనను, జలపాతములు మాత్రము మా కందరకు ఉమ్మడి సొత్తుగనే యున్నవి. నేరడిగొండకు సమీపమున కడెము నదిపై కుంటాల కలదు. అచట నది దాదాపు 45 మీటర్ల ఎత్తునుండి అంచెలంచెలుగ దూకును. పొచ్చెర అంత ఎత్తు కాదు గాని వెడల్పును వేగమును గలది. మా కుమురం భీం ఆసిఫాబాదు జిల్లాలోనే, లింగాపూర్ మండలమున మిట్టె జలపాతము కలదు. గుండము క్రింద గుండముగ నీరు దిగుచుండుటచే దానిని సప్తగుండము లందురు.

కుంటాల కడ బండల నడుమ సోమేశ్వరస్వామి వెలసియున్నాడు. మహాశివరాత్రికి చుట్టుపట్ల గ్రామములవారు అచటికి వచ్చి పూజ లర్పింతురు. ఆ దినములలో నది సన్నబడి, బండలు బయటపడి, చిన్నపిల్లవాడైనను దాటగలడనిపించును. అదే నదిని ఆషాఢ శ్రావణములలో చూచినవారు ఇది యది కాదందురు. 2022 జూలైలో ఆ కడెము నదికే వచ్చిన వరద, దిగువనున్న కడెము ప్రాజెక్టు గేట్లు విడువగల నీటికి మించిపోగా, ఆనకట్ట నిలుచునో నిలువదో యని క్రింది గ్రామములను ఖాళీ చేయించిరి. దసరా సెలవులు వచ్చునాటికి వానలు పూర్తిగ వెనుకపట్టవు. నీరు నిండుగ నుండును, చూచుటకు కన్నులపండువుగ నుండును, బండలు తడిసి యుండును. జనులు అధికముగ పోవునది ఆ కాలమందే.

తడిబండను గూర్చి తెలిసికొనదగిన సంగతులు కొన్ని కలవు. వీనిని బడిలో ఎవ్వరును చెప్పరు. ఎక్కుట కంటె దిగుట కష్టము. ఎక్కునప్పుడు చేతిపట్టు కంటి యెదుటనే యుండును. దిగునప్పుడు కాలికి కావలసిన పట్టు కంటికి దూరముగ, మన యొడలి చాటుననే యుండును. పిల్లి చెట్టెక్కి దిగలేక అరచుట మన మెఱుగనిది కాదు. పచ్చని పాచి కనబడినచోట ఎవరైనను జాగ్రత్తపడుదురు. నల్లబండపై నల్లగ పేరుకొన్న పాచి కంటికి కనబడదు, కాలికే తెలియును. ఇక నురుగు సంగతి. తెల్లగ పొంగుచున్న నీటిలో సగము గాలిబుడగలే గనుక, అది మామూలు నీటివలె మనిషిని తేల్చదు. ఊరి చెరువులో చేపవలె నీదువాడు జలపాతపు గుండములో మునుగుట చూచి జనులు ఆశ్చర్యపడుదురు. ఆశ్చర్యపడవలసిన దేమియు లేదు, అది వాడు నేర్చిన నీరు కాదు. పైగా దూకు ధార క్రింద నీరు సుడి తిరుగుచు, పైకి తేలినవానిని మరల ధార క్రిందికే లాగికొనును. ఎత్తును గూర్చి కూడ మన కంచనా తక్కువ. ఇరువది అడుగుల నుండి జారినవాడు క్రింద తాకునప్పటికి గంటకు దాదాపు 40 కిలోమీటర్ల వేగమున నుండును. మోటారు సైకిలు రాతిగోడకు కొట్టుకొనుటకును దీనికిని భేదము లేదు.

అన్నిటికంటె పెద్ద సంగతి, ప్రమాదము మన మున్నచోట కనబడకుండుట. నెత్తిమీద ఎండ కాయుచుండగా, పది మైళ్ల యెగువ కొండపై కురిసిన వాన మెల్లగ నడచి వచ్చుచుండును. గోండు గూడెములలోని పెద్దలు నీటి రంగు చూచి, కొట్టుకొని వచ్చు ఆకులను చూచి దానిని పసిగట్టుదురు. పట్నవాసులకు ఆ యక్షరజ్ఞానము లేదు.

ఇంత చెప్పినను యువకులు ఒక మాట యనుచుందురు: "ప్రాణము నాది, కాలు నాది. జారినచో నష్టము నాకే. మీ కెందుకు?" ఈ మాటను తేలికగ త్రోసిపుచ్చరాదు. మనుష్యుడు తన దేహమునకు తానే యజమాని యనుటలో కొంత సత్యము లేకపోలేదు. పెద్దలు తమ భయములను పిల్లల మెడకు గట్టి, దానికి వివేకమని పేరు పెట్టు ఇండ్లను నే నెన్నిటినో చూచితిని. అయినను జలపాతము కడ ఈ వాదము నిలువదు. కారణము దూరమున లేదు, ఆ గుండము ఒడ్డుననే యున్నది. కుంటాలలో గాని మరియొక చోట గాని ఎవడైన జారిపడినచో, వానిని తీయుటకు దిగువారెవరు? సమీప గ్రామములలోని గజ ఈతగాండ్రు, జాలరులు, గూడెపు యువకులు. వారికి ఆనాడు సెలవు కాదు. బండల నెఱ్ఱెలలో చిక్కిన శవమును తీయుటకు త్రాడు నడుమున గట్టుకొని అదే నీటిలో వారు దిగవలెను. ఎక్కుటకు ముందు ఆ యువకుడు వారి యనుమతి నడిగెనా? వారి బిడ్డల నడిగెనా? 2023 జూలై 26న ములుగు జిల్లా వెంకటాపురం మండలమున ముత్యాలధార జలపాతమును చూడబోయిన యాత్రికులు 80 మందికి పైగా, మరలి వచ్చుటకు వీలులేక వాగులు పొంగి అడవిలో చిక్కుకొనిరి. రాత్రివేళ వానలో, అదే వాగులు దాటి, విపత్తు సహాయదళమువారు పోయి వారిని తీసికొని వచ్చిరి. అందరును బ్రతికిరి, సంతోషము. రక్షింపబోయినవా రొక్కరు వాగులో పోయి యుండినచో "నా ప్రాణము నా యిష్టము" అను వాక్యమును మన మెక్కడ వ్రాసికొని యుందుము?

దేహము నాదే యనుటకు మన సంప్రదాయములో మరియొక అడ్డు కలదు. దీక్ష పొందినవాని దేహమును మనవారు ప్రసాదకాయ మందురు. ఈ మాటను ఉపన్యాసములలో వినుచుందుము గాని, దాని యర్థమును జలపాతము కడ ఆలోచించినవారు తక్కువ. ప్రసాదమును ఎవరును నేలపాలు చేయరు. అట్లని ప్రసాదమును పెట్టెలో బెట్టి తాళము వేయువారును లేరు. అది అనుభవింపవలసినది, పంచవలసినది, వాడవలసినది. దేహమును ఎండ తగులకుండ, నీరు తగులకుండ, చెమట పట్టకుండ దాచువాడు కూడ ప్రసాదము నవమానించినవాడే యని నా యభిప్రాయము. కావున "ఎప్పుడును ఎక్కరాదు" అను సులభమైన తీర్పు ఈ మాట నుండి రాదు. దేనికొఱకు, ఎవరి బరువుమీద, ఏ యేర్పాటుతో ఎక్కుచున్నాడను విచారణ మాత్రము వచ్చును. మా యింటి ముసలమ్మ లొకరు చెరువు మెట్లు దిగునప్పుడు ముందు మెడలోని లింగకాయను తడిమి చూచుకొని, శివదారము ముడి గట్టిదో కాదో చూచుకొని, ఆ తరువాతనే నీటిలో కాలుపెట్టెడివారు. నేను పిల్లవాడనుగ నున్నప్పుడు అది ఆచార మనుకొంటిని. తడిమి చూచుకొను ఆ యొక్క క్షణములో కాలు తొందర మానుచుండెనని ఇప్పుడు తోచుచున్నది.

యువకుల వాదము కంటె నన్ను ఎక్కువగ నాలోచింపజేసినది మరియొకటి. అది ఎక్కగోరువాని సంగతి కాదు, ఎక్కగోరనివాని సంగతి.

కొన్ని యేండ్ల క్రిందట దసరా సెలవులలో తొమ్మిది పది తరగతుల పిల్లలతో మేము కొందరు ఉపాధ్యాయులము మిట్టెకు పోయితిమి. ఆసిఫాబాదు దాటి, కెరమెరి ఘాటు నెక్కి, జోడేఘాట్ కొండలను ఒక ప్రక్క చూచుచు పోయినాము. దారిలో పిల్లలకు కుమురం భీము కథ చెప్పుట మా వాడుక. 1940లో ఆ కొండలమీద నైజాము పోలీసుల తుపాకుల కెదురు నిలిచినవాని కథ విని, పిల్లల నెత్తురు కొంచెము వేడెక్కి యుండెను. జలపాతము చేరగానే పదవ తరగతి పిల్లలు ప్రక్కబండ మీదుగ పైగుండము వఱకు ఎక్కుదమని బయలుదేరిరి. మాలో నొక యువ ఉపాధ్యాయుడు "నేను ముందు పోతా, నా వెనుక రండి" అనెను. అతడు నిజముగ బలశాలి, వాలీబాలు ఆటగాడు. పిల్లలు వరుసగ నిలిచిరి. ఆ వరుసలో కడపట నున్న యొక పిల్లవాడు నా దగ్గరకు వచ్చి మెల్లగ, "సార్, నేను ఎక్క. నా చెప్పు తెగింది" అనెను. నేను వాని కాళ్లు చూచితిని. చెప్పు తెగలేదు.

ఆ పిల్లవాడు అబద్ధమాడెనని నేననుకొనలేదు. నలుబది మంది చూచుచుండగా "నాకు భయమగుచున్నది" అని చెప్పుట కంటె, చెప్పు తెగినదని చెప్పుట వానికి సులభమయ్యెను. చెప్పు తెగినవానిని ఎవరును గేలిచేయరు. ఆ వరుసలో చెప్పులు తెగనివా రెందరో, భయమున్నను నోరు రానివారెందరో అప్పుడు మాకు తెలియదు. ఇంతలో మా ప్రధానోపాధ్యాయులు, పదవీవిరమణకు ఆరునెలలున్న పెద్దమనిషి, బండమీద కూర్చుండి బూట్లు విప్పి పాదములు నీటిలో బెట్టుకొని యున్నవారు, గట్టిగ అందరికి వినబడునట్లు "అయ్యా, నేను ఎక్కను. నాకు భయం. నాతో కూర్చునేటోళ్లు ఎవరన్న ఉన్నరా?" అనిరి. క్షణములో వరుస విరిగినది. మొదట ఇద్దరు, తరువాత అయిదుగురు, తరువాత లెక్కలేదు. చెప్పు తెగినదన్న పిల్లవాడు నవ్వుచు పోయి వారి ప్రక్కనే కూర్చుండెను. మిగిలిన నలుగురైదుగురితో బండ యెక్కుట ఆ యువ ఉపాధ్యాయునకును రుచింపలేదు. చిన్న గుండములో కాళ్లు కడుగుకొని, తెచ్చుకొన్న పులిహోర తిని మరలితిమి.

పెద్దసారునకు నిజముగ భయమున్నదో లేదో నేనడుగలేదు. ఉన్నను లేకున్నను వారు చేసినది ఒక్కటే. గుంపులో "వలదు" అను మాటకు వెల యున్నది. ఆ వెల నెవడో యొకడు చెల్లింపవలెను. సాధారణముగ దానిని చెల్లించువాడు గుంపులో నందరికంటె పేదవాడు, అనగా గౌరవములో పేదవాడు: బక్కపలుచని పిల్లవాడు, క్రొత్తగ చేరినవాడు, లావుపాటి బాలిక, చీరతో వచ్చిన పంతులమ్మ. వారు చెల్లింపలేరు. చెల్లింపలేక అప్పుచేసినట్లు బండ నెక్కుదురు. కాలు వణకుచున్నవాడు సిగ్గుచేత ఎక్కుట కంటె ప్రమాదకరమైనది జలపాతములో మరి లేదు. పేరు ప్రతిష్ఠ నిండుగ నున్నవాడు ఆ వెలను చెల్లించినచో వాని మూటలో తఱుగు కనబడనే కనబడదు. ఇందుచేత వలదను మాట భయపడినవానిది కాదు, భయపడినను భయపడకున్నను గుంపులో నందరికంటె మన్నన గలవానిది. అది వాని ఔదార్యము గాదు, బాధ్యత. పెద్దఱికమనగా ముందు నడచుట యని మన వాడుక. ముందు కూర్చుండుట కూడ పెద్దఱికమే.

తిరుగు ప్రయాణములో బస్సులో పిల్లలు గొణిగిన మాట నేను మఱువలేదు. "ఎక్కుతే ఏమయ్యేది? ఏమీ కాకపోయేది" అని పదవ తరగతివా రనుకొనిరి. వారి మాట నిజమే కావచ్చును. ఆనాడు వరద రాలేదు, నీటి రంగు మారలేదు. ఆ నలుబదిమందియు ఎక్కి దిగినను అందరును క్షేమముగనే యుండి యుందురేమో. అట్లయినచో పెద్దసారు చేసినది తప్పగునా? ఇక్కడ మన లోకవ్యవహారములో నొక గొప్ప పొరపాటు కలదు. ఫలమును చూచి నిర్ణయమునకు మార్కులు వేయుదుము. కన్నులు మూసికొని రోడ్డు దాటినవాడు అవతలి ప్రక్కకు చేరెను గనుక కన్నులు మూసికొనుట మంచిదని ఎవరైనను అందురా? జలపాతము కడ మాత్రము అట్లే యందుము. "పోయినేడు మేము ఎక్కినాము, ఏమీ కాలేదు" అను సాక్ష్యముతోనే మరుసటి యేడు మరియొక గుంపు ఎక్కును. క్షేమముగ వచ్చినవాడు మరల వచ్చి సాక్ష్యము చెప్పును. రానివాడు చెప్పడు. ఒక్కవైపు సాక్షులనే పిలుచు న్యాయస్థానమిది.

ఫలమును చూచి చనిపోయినవారిని నిందించుట మరింత అన్యాయము. 2014 జూన్ 8న హైదరాబాదు నుండి విహారయాత్రకు పోయిన ఇంజనీరింగు విద్యార్థులు 24 మంది, వారి వెంట నున్న యాత్రా నిర్వాహకుడొకడు, హిమాచల్ ప్రదేశ్‌లోని మండీ జిల్లాలో బియాస్ నదిలో కొట్టుకొనిపోయిరి. నీరు తక్కువగ నున్న నదిలో బండలమీద నిలిచి ఛాయాచిత్రములు తీసికొనుచుండగా, ఎగువనున్న లార్జి ఆనకట్ట నుండి విడిచిన నీరు వచ్చి పడెను. "పిల్లలకు బుద్ధి లేదు" అని ఆ దినములలో కొందరనగా విని నా మనస్సు నొచ్చినది. వారు సాహసము చేయలేదు. ఎండిన బండపై నిలిచిరి. 2016లో హిమాచల్ ప్రదేశ్ హైకోర్టు ఒక్కొక్క కుటుంబమునకు 20 లక్షల రూపాయల పరిహారము నిర్ణయించి, ఆ భారమును విద్యుత్ బోర్డు, కళాశాల, రాష్ట్ర ప్రభుత్వము మూటికిని పంచినది. నీరు విడుచువాడు చెప్పవలసిన మాట కలదు, తీసికొని పోయినవాడు విచారింపవలసిన మాట కలదు. నిలిచినవాని కడకు ఆ రెండు మాటలును చేరలేదు.

ఆ విషాదమునకు సరిగ 14 దినముల ముందు, అదే సంవత్సరము మే 25న, నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు బాలిక మాలావత్ పూర్ణ ఎవరెస్టు శిఖరము నెక్కెను. వెంట ఖమ్మము జిల్లా వాడగు సాధనపల్లి ఆనంద్ కుమార్ ఉండెను. ఇద్దరును సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు. ఆమె తలిదండ్రులు వ్యవసాయ కూలీలు. ఆమెకు పదునాలుగేండ్లు నిండుటకు ఇంకను కొన్ని దినములుండెను. ఒకే పక్షములో మన తెలుగుబిడ్డలు కొందరు నదిలో పోయిరి, ఒక చిన్నపిల్ల ప్రపంచమునకెల్ల ఎత్తైన మంచుకొండపై నిలిచెను. "చూడుడు, భయపడక పోయినందున గెలిచినది" అని పూర్ణను చూపి బండ నెక్కించు ఉపాధ్యాయులుందురు. అది ఆ బిడ్డ కథను తలక్రిందులుగ చదువుట. ఆమె భువనగిరి గుట్టపై తాళ్లతో శిక్షణ పొందెను, డార్జిలింగులో పొందెను, లడఖు చలిలో పొందెను. ఎక్కుట కంటె ముందు ఆగుట, మరలుట నేర్పు విద్య యది. ఎక్కవలెనా వలదా అని శిఖరము క్రింద నిలిచి ఆ క్షణమున నిర్ణయించుకొను పద్ధతి అచట లేదు.

పర్వతారోహకులకు ఒక నియమము కలదు. శిఖరమునకు బయలుదేరుటకు ముందే, "ఇన్ని గంటలకు ఎక్కడ నున్నను వెనుదిరుగవలెను" అని నిర్ణయించుకొందురు. 1996 మే 10న ఎవరెస్టుపై ఆ గడియ దాటిన తరువాత కూడ కొందరు పైకి పోయిరి. సాయంకాలమునకు మంచుతుపాను వచ్చెను. ఆ తుపానులో 8 మంది మరణించిరి. వారిలో పేరుమోసిన మార్గదర్శకులిద్దరు. అదే దినమున శిఖరము కొన్ని గంటల దూరములో కనబడుచుండగా, ఆలస్యమగుచున్నదని గ్రహించి ముగ్గురు ఆరోహకులు మధ్యాహ్నమునకు ముందే వెనుదిరిగిరి. వారు అపారమైన ధనమును, సంవత్సరముల శ్రమను వదలి దిగిరి, బ్రతికిరి. ఎక్కినవారి పేర్లు లోకమునకు తెలియును. ఆ ముగ్గురి పేర్లను విచారించి తెలిసికొనవలెను.

ముందే నిర్ణయించుకొనుట యెందుకనగా, జలపాతము క్రింద నిలిచినవాని బుద్ధి వాని చేతిలో నుండదు. నీటి హోరు, తోటివారి కేకలు, చేతులలో సెల్‌ఫోనులు, ఇంత దూరము బస్సు కిరాయి పెట్టి వచ్చితిమన్న లెక్క, ఇవన్నియు కలిసి వానికి బదులుగ నిర్ణయించును. ఇంటి అరుగుమీద కూర్చున్నప్పుడు ఆ మనిషే చక్కగ నాలోచించును. కొట్టు మూసి ఇంటికి పోయిన తరువాత బేరము తెలివిగ నాడువారివంటి వారము మనము.

ఎక్కుట యెప్పుడును తగదని నేననుట లేదు. మన శ్రీశైల యాత్రనే చూడుడు. ఉగాదికి కన్నడదేశము నుండి వేలకొలది శివభక్తులు కాలినడకన వత్తురు. నాగలూటి, పెచ్చెరువు మీదుగ నల్లమల నడవిలో నడచి, భీమునికొలను లోయ దిగి, మరల కైలాసద్వారమున కెక్కుట వృద్ధులకు సులభమైన పని కాదు. అయినను ఎక్కుదురు. ఎవరును ఎవరిని పందెమునకు పిలువరు. వెనుకబడినవానికొఱకు ముందున్నవాడు రాతిమీద కూర్చుండును. కాలు పొక్కులెక్కినవాని మూటను మరియొకడు మోయును. "నేనిక నడువలేను" అన్నవానిని ఆ దారిలో ఎవరును నవ్వరు. నడువలేనని చెప్పుటకు వెల లేని గుంపు ఎంత ఎత్తునైనను ఎక్కవచ్చునని నా నమ్మకము. శీతకాలమున నీరు తగ్గినప్పుడు, ఆ చోటు నెఱిగిన గూడెపు మనిషిని వెంటబెట్టుకొని, త్రాడు గట్టుకొని, అట్టి గుంపు మిట్టె బండ నెక్కినను నా కభ్యంతరము లేదు. నేను కూడ మోకాళ్లు సహకరించినంత వఱకు వెంట పోవుదును.

కుంటాలలో పై దారినుండి గుండము వఱకు దాదాపు 400 మెట్లు కలవు. దిగి, చూచి, మరల ఎక్కి వచ్చుసరికి పిల్లల పిక్కలు పట్టుకొనును. ఎక్కవలెనను కోరిక తీరుటకు ఆ మెట్లు చాలవా యని నేను వేళాకోళమాడినప్పుడు, మెట్లు ఎక్కుటలో గొప్ప యేమున్నది సార్ అని పిల్లలందురు. వారి మాటలో నొక న్యాయము కలదు. ఎవరో కట్టిన మెట్ల నెక్కుట వేరు, బండలో తన కాలికి తానే చోటు వెదకికొనుట వేరు. ఆ వెదకుటలోని ఆనందమును పూర్తిగ తీసివేసి పెంచిన పిల్లవాడు రేపు దేనిలోనైనను క్రొత్త త్రోవ త్రొక్కునా యను సందేహము నాకును కలదు. దీనికి తృప్తికరమైన సమాధానము నాయొద్ద లేదు. మా యూరి గుట్టలపై, పొడిరాతిమీద, రెండు నిలువుల ఎత్తునకు మించకుండ వారిని ఎక్కనిచ్చుచున్నాము. మోచేతులు దోకికొనిపోవుట తల్లులకు నచ్చుట లేదు. ఆ ఫిర్యాదులను నేను భరించుచున్నాను.

పెద్దసారు పదవీవిరమణ చేసిన తరువాత కూడ మా బడిలో నొక వాడుక మిగిలినది. యాత్రకు పోవు ముందురోజు సాయంకాలము పిల్లలను వసారాలో కూర్చుండబెట్టి, ఎంతవఱకు నీటిలో దిగవచ్చునో, ఎచ్చటినుండి ఎక్కరాదో అప్పుడే చెప్పుదుము. జలపాతము కడ చర్చ లేదు. ఎక్కరాదన్న మాట ఉపాధ్యాయులలో అందరికంటె గట్టివాడే, అనగా ఆ వాలీబాలు ఆటగాడే చెప్పును. ఇప్పుడతడును నడివయసువాడైనాడు, కొంచెము పొట్ట వచ్చినది, అయినను పిల్లలలో అతని మాటకు విలువ తగ్గలేదు.

పోయినసారి అట్లు కూర్చుండినప్పుడు పదవ తరగతి పిల్లవాడొకడు లేచి, "సార్, బడి అయిపోయినంక మేము మేమే పోతం. అప్పుడు మీరు ఉండరు, సార్లు ఎవరు ఉండరు. మాల ముందుగల్ల ఎవరు చెప్పాలె?" అని యడిగెను. మా వాలీబాలు మాస్టారు తడుముకొనకుండ, "మీల అందరికంటె మంచిగ ఎక్కేటోడు" అనెను. పిల్లలందరు ఒక్కసారిగ మూడవ వరుసలోని యొక బక్కపిల్లవాని వైపు తిరిగిరి. చింతచెట్టు చిటారుకొమ్మ నెక్కగలవాడని వానికి బడిలో పేరు. వాడు చేతిలోని రబ్బరు బంతిని నేలకు కొట్టుట మాని, కొంతసేపు ఎవరివైపును చూడలేదు.